కారు పేరు ఒకరిది, బాడీ ఇంకొకరిది

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో అమెరికా కార్ల తొలి రోజుల మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, చదివించే గుణమూ ఉంది, కాదనను. కానీ ఆ రోజుల్లో డెట్రాయిట్ కంపెనీలు మేకు దగ్గర్నుంచి సీటు దాకా అన్నీ తమ కప్పు కిందే తయారు చేసుకునేవని, బయటివాళ్లకు పని అప్పగించడం ఈమధ్య పుట్టిన అలవాటని రాశారే, అక్కడ మాత్రం ఒళ్లు మండింది. షీట్ మెటల్ ప్రెస్ షాపులో డైల (రేకును ఆకారంలోకి నొక్కే ఉక్కు అచ్చుల) మధ్య బతుకు వెళ్లదీసి రిటైరైనవాణ్ని, బాడీ చేసినవాడి పేరు ఎగరగొట్టేస్తే ఊరుకోబుద్ధి కాదు. అసలు జరిగింది మీరు రాసినదానికి తలకిందులు. అమెరికా కారు పుట్టిందే బయటివాళ్ల చేతుల్లో, సొంత కప్పు తర్వాత వచ్చింది, అందులోనూ బాడీ బాగా ఆలస్యంగా ఇంటికి చేరింది.

మీ వ్యాసమంతా హెన్రీ ఫోర్డ్ చుట్టూ తిరిగింది కాబట్టి ఆయన సంగతే చూద్దాం. 1903 జూన్‌లో ఫోర్డ్ మోటార్ కంపెనీ పెట్టినప్పుడు దానికి ఉన్నది మ్యాక్ అవెన్యూలో అద్దెకు తీసుకున్న చిన్న షాపు, కొద్దిమంది పనివాళ్లు. ఇంజను, గేరు, ఇరుసులు అన్నీ కలిపిన సరంజామా డాడ్జ్ సోదరులు చేసిచ్చారు, ఒక్కోటి 250 డాలర్ల చొప్పున 650 సెట్లకు ఒప్పందం. చక్రాలు ల్యాన్సింగ్ నుంచి, టైర్లు హార్ట్‌ఫర్డ్ రబ్బర్ కంపెనీ నుంచి వచ్చాయి. బాడీ మాత్రం సీ.ఆర్. విల్సన్ అనే బగ్గీల కంపెనీది, ఒక్కోటి 52 డాలర్లు, సీటు మెత్తలకు ఇంకో 16. ఇవన్నీ ఆ షాపులోకి తెచ్చి బిగించి, సరిచూసి, 750 డాలర్లకు అమ్మారు. అంటే ఆ మొదటి ఫోర్డు కారులో ఫోర్డు వాళ్లు సొంతంగా చేసింది వెతికి పట్టుకోవాల్సినంత తక్కువ. ఇది ఆయన్ని తక్కువ చేయడానికి అనడం లేదు, పెట్టుబడి లేనప్పుడు ఎవరైనా అలాగే మొదలుపెడతారు. సరుకు అప్పు మీద తెచ్చుకుని, కారు అమ్మిన డబ్బుతో ఆ బాకీ తీర్చడం అప్పట్లో చాలా కంపెనీలు నడిచిన తీరు.

బాడీ పని బగ్గీలవాళ్లకే ఎందుకు పోయిందో మీ వ్యాసం అడిగి ఉంటే అసలు కథ అక్కడ దొరికేది. కారు కంపెనీలు పెట్టినవాళ్లలో చాలామంది సైకిళ్లు, ఇంజన్లు, మెషిన్ షాపుల నుంచి వచ్చినవాళ్లు. లోహాన్ని తరుగుతారు, సిలిండరు బోరు చేస్తారు, కానీ కలప వంచడం, తోలు కుట్టడం, వార్నిష్ పట్టించడం వాళ్లకు చేతకాదు. ఆ చేతులు బగ్గీ షాపుల్లో ఉన్నాయి. మిషిగన్‌లో ఫ్లింట్, పాంటియాక్, మసాచుసెట్స్‌లో ఏమ్స్‌బరీ ఇవన్నీ అప్పటికే బగ్గీల ఊళ్లు. గుర్రం పోయి ఇంజను వచ్చినా మనిషి కూర్చునే పెట్టె మాత్రం చాలాకాలం అదే పెట్టె.

ఆ పెట్టె ఎలా కట్టేవాళ్లో కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఇది తెలియకపోతే తర్వాత జరిగిన గొడవలేవీ అర్థం కావు. ముందు యాష్ కలపతో అస్థిపంజరం లేపుతారు: కింద పొడవాటి దూలాలు, వాటి మీద తలుపుల స్తంభాలు, పైన వంపు తిరిగిన పట్టీలు, అన్నీ జిగురుతో, స్క్రూలతో బిగించినవే. తర్వాత ఆ కలప మీద రేకు పరిచి, సుత్తితో అంచులు మలిచి, సన్న మేకులు కొట్టి, ఆ మేకులు కనబడకుండా పైన ఒక మోల్డింగ్ పట్టీ వేస్తారు. అప్పుడు రంగు. పూత మీద పూత, ప్రతి పూతకీ మధ్య ఆరబెట్టడం, ప్యూమిస్ పొడితో రుద్దడం, మళ్లీ పూత, చివర వార్నిష్. మంచి కారుకు ఈ రంగు ఒక్కటే వారాలు పట్టేది, గాలిలో దుమ్ము ఉంటే మళ్లీ మొదటికొచ్చేది. కొలిమిలో పెట్టి కాల్చుదామంటే లోపలున్నది కలప, వేడికి కీళ్లు విడిపోతాయి. కాబట్టి ఇంజను ఎంత వేగంగా చేసినా లాభం లేదు, బాడీలు రంగు ఆరుతూ అంతస్తులకు అంతస్తులు నిండిపోయి ఉండేవి. ఈ పీటముడి సగం విప్పింది రసాయనం: డ్యూపాంట్ వాళ్ల డ్యూకో లాకర్ అనే త్వరగా ఆరే రంగు 1923లో వచ్చి, 1924 మోడల్ ఓక్‌లాండ్ కారు మీద నీలం రంగుగా కనబడింది, వారాల పని గంటల్లోకి దిగింది. మిగతా సగం విప్పినాయన ఫిలడెల్ఫియాలో ఉన్నాడు, ఆయన దగ్గరికి వస్తాను.

మోడల్ టీ వచ్చాక ఫోర్డు అన్నీ సొంతంగా చేసుకున్నాడు కదా అనవచ్చు. బాడీ విషయంలో చాలా ఏళ్లు అదీ నిజం కాదు. విల్సన్, పాంటియాక్ ఊళ్లోని బోడెట్, ఫిషర్, ఇంకా కొందరు ఒకే సమయంలో అదే మోడల్‌కు బాడీలు పంపేవాళ్లు. ఫోర్డు డ్రాయింగు ఒకటే, చేసే చేతులు వేరు. అందుకే పాత మోడల్ టీలను బాగుచేసేవాళ్లకు తల ప్రాణం తోకకొస్తుంది: చూడ్డానికి అచ్చు ఒకేలా ఉన్న రెండు కార్లలో ఒకదాని తలుపు ఇంకోదానికి పట్టదు. ముందు నేలపలక కింది కలప మీద కొట్టిన అక్షరం, నంబరు వెతికి చూస్తేగానీ ఏ షాపు బాడీయో తేలదు. తర్వాత 1927 చివర్లో వచ్చిన మోడల్ ఏ లోనూ ఇదే తంతు, నాలుగు తలుపుల సెడాన్లను బ్రిగ్స్ వాళ్లూ చేశారు, ముర్రే వాళ్లూ చేశారు, విడిభాగాలు కొనే ముందు మీది ఏది అని ఇప్పటికీ అడుగుతారు. ఒక్క సూది కూడా మార్చి పెట్టుకోవచ్చనే విడిభాగాల గొప్ప, అదే ఫోర్డు పేరు మోగించిన గొప్ప, బాడీ దగ్గరికొచ్చేసరికి ఇలా చతికిలబడింది.

ఇక ఫిషర్. మీ వ్యాసంలో జనరల్ మోటార్స్‌కు రెండు పేజీలు ఇచ్చారు, ఫిషర్ అన్న మాట ఒక్కసారీ లేదు, ఇది నాకు నమ్మబుద్ధి కాలేదు, మళ్లీ వెతికాను. ఒహాయోలోని నార్వాక్ నుంచి వచ్చిన కమ్మరి, బగ్గీల కుటుంబం అది, ఏడుగురు అన్నదమ్ములు. పెద్దవాడు ఫ్రెడ్ మొదట విల్సన్ దగ్గరే పనిచేశాడు. 1908 జూలైలో ఫ్రెడ్, చార్లెస్ తమ బాబాయి ఆల్బర్ట్‌తో కలిసి డెట్రాయిట్‌లో ఫిషర్ బాడీ కంపెనీ పెట్టారు. కారు బాడీకి బగ్గీ బాడీ చాలదు, ఇంజను అదురుకు కీళ్లు ఊడిపోతాయి, బలంగా వేరేగా కట్టాలి అన్నది వాళ్లు అందరికంటే ముందు గట్టిగా పట్టుకున్న విషయం. 1910లో క్యాడిలాక్ 150 మూసిన బాడీలకు ఆర్డరిచ్చింది. ఇవాళ 150 అంటే నవ్వొస్తుంది గానీ, అప్పటికి కారు అంటే గుడ్డ టాపు వేసుకుని వానకు తడుస్తూ ఎండకు ఎండుతూ పోయే బండి, అద్దాలతో మూసిన గది లాంటి కారు డబ్బున్నవాళ్ల ముచ్చట. 1916 నాటికి ఫిషర్ వాళ్ల సామర్థ్యం ఏడాదికి 3,70,000 బాడీలకు పెరిగింది, వాళ్ల దగ్గర కొనేవాళ్లలో బ్యూక్, క్యాడిలాక్, హడ్సన్, ప్యాకార్డ్, స్టూడ్‌బేకర్, ఫోర్డు, అందరూ ఉన్నారు. ఒకరితో ఒకరు బజార్లో కొట్టుకుచచ్చే కంపెనీలకు బాడీ మాత్రం ఒకే కుటుంబం అమ్మింది.

1919లో జనరల్ మోటార్స్ 2 కోట్ల 76 లక్షల డాలర్లు పెట్టి అందులో 60 శాతం వాటా తీసుకుంది, ఖర్చు మీద 17.6 శాతం కలిపి బాడీలకు ధర కట్టేలా పదేళ్ల ఒప్పందమూ రాసుకుంది. ఆ ఏడాది అమెరికాలో అమ్ముడైన కార్లలో మూసిన కార్లు పదోవంతు. 1927 నాటికి 85 శాతం. ఎనిమిదేళ్లలో జనం అంతలా మారిపోయారు, మూసిన కారులో బాడీకే ఖర్చు ఎక్కువ, అంటే కారు ధరలో పెద్ద ముక్క బాడీలోకి జరిగింది. 1926లో మిగతా 40 శాతం తీసుకోవడానికి జనరల్ మోటార్స్‌కు అంతకంటే చాలా ఎక్కువ విలువ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మొదటి 60 శాతానికి ఇచ్చినదాంతో పోల్చి చూడండి, బాడీ చేసేవాడి బలం ఎంతో అర్థమవుతుంది.

ఈ కొనుగోలు మీద ఆర్థికవేత్తలు ఇప్పటికీ జుట్లు పట్టుకుంటున్నారు. 1978లో బెంజమిన్ క్లైన్, రాబర్ట్ క్రాఫర్డ్, ఆర్మెన్ ఆల్కియన్ చెప్పింది ఏమిటంటే, ఒప్పందంలోని లొసుగుతో ఫిషర్ వాళ్లు జీఎం (జనరల్ మోటార్స్) పీకల మీద కూర్చున్నారు, జీఎం ప్లాంట్ల పక్కన తమ ప్లాంట్లు కట్టమంటే కట్టలేదు, దిక్కుతోచక కొనేశారు అని. బయటి సప్లయర్‌ను నమ్మితే ఇంతే గతి అనడానికి పాఠాల్లో ఈ కథ వాడుకున్నారు. రోనాల్డ్ కోస్ అనే నోబెల్ ఆర్థికవేత్త 2000లో దాన్ని కొట్టిపారేశాడు, ఫిషర్ సోదరులు అప్పటికే జీఎం పెద్దల్లో పెద్దలు, ప్లాంట్లూ దగ్గర్లోనే కడుతున్నారు, ఆ బెదిరింపు కథకు ఆధారం లేదన్నాడు. నా ఓటు కోస్‌కే. 1925లో క్యాడిలాక్ డివిజన్‌ను నడిపిందే లారెన్స్ ఫిషర్, హార్లీ ఎర్ల్ అనే డిజైనర్‌ను లాస్ ఏంజెలెస్ బాడీ షాపు నుంచి పిలిపించి 1927 లాసాల్ కారును గీయించిందీ ఆయనే. ఇంట్లో మనిషి ఇంటినే ఎందుకు బెదిరిస్తాడు? పైగా ఛాసిస్ ఫ్రేములను, అంటే బాడీ కింద ఉండే ఉక్కు చట్రాలను, జీఎం దశాబ్దాల పాటు మిల్వాకీలోని ఏ.ఓ. స్మిత్ దగ్గర కొంటూనే ఉంది, అక్కడ ఎవరూ ఎవరినీ మింగలేదు. దూరం మాటకొస్తే, ప్రెస్ షాపులో పనిచేసిన ఎవరికైనా తెలుసు, బాడీని రైలు పెట్టెలో పంపడమంటే గాలికి కిరాయి కట్టడమే. ఆ ఖర్చు చాలు ప్లాంట్లను పక్కపక్కకు తేవడానికి, వేరే కుట్ర అక్కర్లేదు.

ఇప్పుడు ఫిలడెల్ఫియా మనిషి. ఎడ్వర్డ్ బడ్ రైలు పెట్టెలకు నొక్కుడు ఉక్కు భాగాలు చేసే కంపెనీలో పనిచేసి, 1912లో సొంత షాపు పెట్టాడు, తోడుగా ఆస్ట్రియాలో పుట్టిన ఇంజనీరు జోసెఫ్ లెడ్వింకా. కలపే వద్దు, మొత్తం ఉక్కు రేకును ప్రెస్సులో నొక్కి, ముక్కల్ని వెల్డింగ్ చేసి బాడీ కట్టేద్దాం అన్నది వాళ్ల పట్టుదల. పెద్ద ప్రెస్సు షాపులో పట్టక సర్కస్ డేరా కింద పెట్టుకుని నడిపారని చెబుతారు. డెట్రాయిట్‌లో చాలామంది ఇది రేకు డబ్బా అని ముఖం తిప్పుకున్నారు. ధైర్యం చేసింది డాడ్జ్ సోదరులు. ఫోర్డుకు సరుకు చేసిచ్చీ చేసిచ్చీ విసిగి 1914లో సొంత కారు తెస్తూ బడ్‌కు 5,000 బాడీల ఆర్డరిచ్చారు. లోపల కలప లేదు కాబట్టి ఆ బాడీని ఏకంగా ఓవెన్లో పెట్టి ఎనామెల్ కాల్చేయవచ్చు, నేను పైన చెప్పిన రంగు పీటముడిలో మిగిలిన సగం ఇదే. నొక్కుడు పనిలో ఉన్న చిక్కు కూడా చెప్పాలి. డై చేయడానికి కొండంత ఖర్చు, ఒకసారి చేశాక ముక్క ముక్కకు ఖర్చు చాలా తక్కువ, కాబట్టి వేలల్లో అమ్మేవాడికే గిట్టుబాటు. ఏడాదికి కొన్ని వందల కార్లు అమ్ముకునే కంపెనీలకు కలపే దిక్కు, ఆ కలప వాళ్లను పెద్ద కంపెనీల ధరకు ఎప్పటికీ దిగనివ్వలేదు. చిన్న కార్ల కంపెనీలు ఎందుకు పోయాయి అని మీ వ్యాసం చివర ఒక ప్రశ్న వేసి వదిలేశారు, నన్నడిగితే జవాబులో సగం ఈ డైలోనే ఉంది. బడ్ మాత్రం సముద్రం దాటాడు, 1924లో ప్యారిస్‌లో సిత్రోయెన్ చూపించిన పూర్తి ఉక్కు కారు ఆయన పద్ధతిదే.

ఖరీదైన కార్ల వైపు కథ ఇంకో రకం, దాన్ని క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, వాటి గురించి రాసేవాళ్లకు కొదవ లేదు. 1928 చివర్లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ మోడల్ జే ఛాసిస్ ధరే 8,500 డాలర్లు, బాడీ లేకుండా. కొన్నవాడు దాన్ని ప్యాసడీనాలోని మర్ఫీ లాంటి షాపుకు పంపి తనకు నచ్చిన బాడీ కట్టించుకోవాలి. లెబారన్ అయితే 1920లో న్యూయార్క్‌లో మొదలైనప్పుడు షాపు కూడా లేదు, థామస్ హిబ్బర్డ్, రేమండ్ డైట్రిచ్ అనే ఇద్దరు కుర్రాళ్లు బొమ్మలు గీసి అమ్మేవాళ్లు. పెన్సిల్వేనియాలోని ఫ్లీట్‌వుడ్ షాపును 1925లో ఫిషర్ కొనేసింది, ఆ పేరు క్యాడిలాక్ మీద 1996 దాకా బతికింది, పని చేసిన ఆ ఊరి షాపు మాత్రం ఎప్పుడో మూతపడింది. ఏమ్స్‌బరీలో హడ్సన్ కోసం బాడీలు కట్టిన బిడిల్ అండ్ స్మార్ట్ సంగతి మరీ ఘోరం, హడ్సన్ 1926లో డెట్రాయిట్‌లో సొంత బాడీ ప్లాంటు కట్టుకోగానే దాని కింద నేల కదిలింది, 1930లో తాళం పడింది. ఒక్క కొనుగోలుదారుని నమ్ముకున్న సప్లయర్ బతుకు ఎక్కడైనా ఇంతే.

చివరగా బ్రిగ్స్. వాల్టర్ బ్రిగ్స్ పేరు బేస్‌బాల్ వాళ్లకు తెలుసు, డెట్రాయిట్ టైగర్స్ జట్టు యజమాని. ఫోర్డు, క్రైస్లర్, ప్యాకార్డ్ బాడీలు ఆయన ప్లాంట్లలో తయారయ్యేవి. 1927 ఏప్రిల్ 23న హార్పర్ అవెన్యూ ప్లాంటులో మంటలు లేచి 21 మంది పనివాళ్లు చనిపోయారు, నేను పైన పొగిడిన లాకర్ ఉంది చూశారూ, దాని ఆవిరి అంటుకుంటే పేలుతుంది. విషం పనిచేయకపోతే బ్రిగ్స్‌లో చేరు అని డెట్రాయిట్ పనివాళ్లు అనుకునేవాళ్లట. మెషిను ఆగి ఖాళీగా కూర్చున్న గంటలకు కూలి ఉండేది కాదు. 1933 జనవరిలో వాళ్లు సమ్మెకు దిగితే బాడీలు రాక ఫోర్డు తన ప్లాంట్లు ఆపుకోవాల్సి వచ్చింది. ఆ లోకువ పనివాళ్ల చేతిలోనే తాళంచెవి ఉందని అప్పుడు తెలిసింది. ఫ్లింట్‌లో 1936 డిసెంబర్ 30న మొదలై 44 రోజులు నడిచిన సమ్మె గురించి మీరు రాశారు, బాగుంది, కానీ పనివాళ్లు ఫిషర్ బాడీ ప్లాంటులోనే ఎందుకు కూర్చున్నారో రాయలేదు. జీఎం కార్ల బాడీలకు కావలసిన ముఖ్యమైన డైలు అక్కడ ఉన్నాయి, అవి కదలకపోతే జీఎం కదలదు.

1952లో వాల్టర్ బ్రిగ్స్ పోయాక, 1953 డిసెంబర్‌లో క్రైస్లర్ 3 కోట్ల 50 లక్షల డాలర్లకు ఆ బాడీ వ్యాపారాన్ని కొనేసింది. దాంతో అప్పటికి బ్రిగ్స్ చేతిలో ఉన్న లెబారన్ పేరు కూడా క్రైస్లర్ చేతికి పోయింది, తర్వాత ఆ పేరుతో వాళ్లు మామూలు కార్లు అమ్ముకున్నారు. నిండా మునిగింది ప్యాకార్డ్. తన బాడీలు చేసిపెట్టే మనిషి ఒక్క రాత్రిలో పోటీదారు అయిపోయాడు. బాడీ పని తామే చేసుకోవాల్సి వచ్చి కానర్ అవెన్యూలో ఒక ఇరుకు ప్లాంటు లీజుకు తీసుకున్నారు, అదీ క్రైస్లర్ దగ్గరే, 1955 మోడల్ అక్కడ మొదలైంది. కొత్త వీ8 ఇంజను, కొత్త రకం సస్పెన్షన్, రెండూ ఒకేసారి తెచ్చిన ఏడాది అది, అమ్ముకోవడానికి ఇంతకంటే మంచి సరుకు లేదు, తీరా చూస్తే బాడీ బిగింపులు, నాణ్యత దగ్గర దెబ్బతిన్నారు. ప్యాకార్డ్ పోవడానికి ఇదొక్కటే కారణం అనను, అమ్మకాలు అప్పటికే జారుతున్నాయి, స్టూడ్‌బేకర్‌తో కలిసి నెత్తిన ఇంకో భారం పెట్టుకున్నారు కూడా. కానీ డెట్రాయిట్‌లో ఆఖరి ప్యాకార్డ్ 1956 జూన్‌లో బయటికొచ్చింది, ఆ తర్వాత రెండేళ్లు ఆ పేరుతో అమ్మినవి సౌత్ బెండ్‌లో స్టూడ్‌బేకర్ బాడీల మీద కట్టిన కార్లు.

పై తప్పుల్లో ఫోర్డు సొంత కప్పు మాట, ఫిషర్ ఊసే లేకపోవడం, ఈ రెండింటికైనా వచ్చే ఆదివారం సవరణ వేయగలరు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు